ఎవరిదో మైనపు సిలువ

పోయిన వేసవిలో పారిస్ నుంచి ఒక పెద్దమనిషి, ఫ్రాన్సు పడమటి కొసన ఉన్న మా వెసాన్ ద్వీపానికి వచ్చాడు. మా మేనమామ గుల్వెన్ మాల్గోర్న్ వేసిన బొమ్మల మీద పుస్తకం రాస్తున్నాడట. టపా పడవలో పేగులు నోట్లోకి వచ్చేలా వాంతులు చేసుకుంటూ వచ్చాడు కదా అని జాలిపడి కాఫీ ఇచ్చాను. ఆయన కాఫీ ముట్టుకోలేదు. సంచిలోంచి ఫొటోలు తీసి బల్ల నిండా పరిచేశాడు. అల్జీర్స్ సంత, సైగాన్ నది, డకార్ రేవు, నేపుల్స్‌లో మెట్ల వీధి, తాహితిలో వాన. అన్నీ మామయ్య బొమ్మలే. ప్రతి బొమ్మలోనూ ఒక వార, చేపల బుట్టల పక్కనో తలుపు నీడలోనో, ఒకే మనిషి నిలబడి ఉన్నాడు. నీలం ఉన్ని స్వెట్టరు, కుడి మోచేతి దగ్గర కుట్టు. ఎవరితోనూ మాట్లాడడు. నేరుగా మనల్నే చూస్తుంటాడు.

“ఇన్ని దేశాలు తిరిగినాయన ఎక్కడికెళ్ళినా ఈ ఒక్కణ్ణే ఎందుకు వేశాడంటారు? పందొమ్మిది వందల ఇరవై ఏడు తర్వాత ఇతను ఉన్నట్టుండి మాయమైపోయాడు కూడా. ఆధునిక మానవుడి ఏకాకితనానికి ఇతను ప్రతీక అని రాశాను నేను,” అన్నాడు.

“మీ మొహం,” అన్నాను.

ఇంటికొచ్చిన మనిషిని అలా అనకూడదు. కానీ మా ఇంట్లో పందొమ్మిదేళ్ళు ఎవరికీ తిండి సహించనివ్వని మనిషిని పట్టుకుని ప్రతీక అంటే నాకు ఒళ్ళు మండిపోయింది. సంగతి చెబుదామనుకునే లోపల తిరుగు పడవ కూత పెట్టింది. ఆయన ఫొటోలు పోగుచేసుకుని పరిగెత్తాడు. ఆయనకి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మా ఊళ్ళో ఆడవాళ్ళు బంగాళాదుంపలు పండిస్తారు, గొర్రెల్ని మేపుతారు. మగవాళ్ళు ఓడల మీద పోతారు. చాలామంది తిరిగి రారు, వాళ్ళ శవాలూ రావు. అలాంటప్పుడు ఆ కబురు తల్లికో పెళ్ళానికో చెప్పే పని, చచ్చినవాడికి జ్ఞానస్నానం నాడు తోడు నిలిచిన జ్ఞానతండ్రిది. ఆయన సాయంత్రం పూట ఆ ఇంటికి వెళ్ళి కిటికీ మీద మూడుసార్లు తడతాడు. “ఈ రాత్రి నీ ఇంట్లో ప్రోయెల్లా ఉంది తల్లీ,” అంటాడు. శవం లేని చావుకి చేసే జాగారాన్ని మేము ప్రోయెల్లా అంటాం. ఆ మాట చాలు. బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తారు. గుడిలో దీవించిన కొవ్వొత్తి మైనంతో వేలెడంత సిలువ చేసి దాని మీద పెడతారు. ఇరుగుపొరుగు వచ్చి, అక్కడ పడుకున్నది మనిషే అన్నట్టు తెల్లవార్లూ కాపలా కూర్చుంటారు. పొద్దున ఫాదర్ గారు వచ్చి ఆ సిలువని ముందు నడిపించుకుంటూ గుడికి తీసుకెళ్ళి చెక్కపెట్టెలో ఉంచుతారు, పేరు పుస్తకంలో ఎక్కిస్తారు. కొన్నేళ్ళకొకసారి ఆ పెట్టెలో సిలువలన్నీ తీసి శ్మశానంలో ఉన్న చిన్న రాతి సమాధిలో వేస్తారు. ఇక ఆ మనిషి సముద్రంలో లేడు, ఊళ్ళో ఉన్నాడు. మా తాత సిలువ అందులోనే ఉంది.

మా అమ్మమ్మ బార్బాకి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు గుల్వెన్, చిన్నది మా అమ్మ పెరీన్. మామయ్యకి చిన్నప్పటి నుంచీ రంగుల పిచ్చి. మా ఇళ్ళల్లో అలమరలూ మంచాలూ అన్నీ ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల చెక్కతో చేసినవే. ఓడలకి పూయగా మిగిలిన రంగే వాటికీ పూస్తారు. ఆ రంగుతో ఎనిమిదేళ్ళప్పుడు అలమర తలుపు లోపలివైపు మూడు తెరచాపల ఓడ ఒకటి వేశాడు మామయ్య. అమ్మమ్మ వీపు విమానం మోత మోగించింది కానీ ఆ ఓడని మాత్రం చెరపలేదు. ఇప్పటికీ ఉంది. పారిస్ పెద్దమనిషి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని అరగంట లేవలేదు.

పదహారేళ్ళకి మామయ్య ఓడెక్కాడు. ఇరవై మూడో ఏట, అంటే పందొమ్మిది వందల తొమ్మిదిలో, చిలీ దేశపు వల్పరైసో రేవులో జ్వరం తగిలితే ఓడవాళ్ళు ఆసుపత్రిలో దింపి వెళ్ళిపోయారు. నయమయ్యాక సురేకారం మోసుకెళ్ళే ‘గ్వెనోలే’ అనే ఓడలో చేరి ఇంటికి పొమ్మన్నారు. ఆ ఓడలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. ఈలోగా ఆ ఊళ్ళో ఒక నాటకశాల లోకప్పుకి బొమ్మలు వేస్తున్న ఫ్రెంచి పనివాడు పరిచయమయ్యాడు. రంగులు కలపడానికి తోడుండు, పని నేర్పుతానన్నాడు. మామయ్య మనసు అక్కడ అతుక్కుపోయింది. నావికుల బసలో పక్క మంచం మీద ఒకడుండేవాడు. వాడి దగ్గర కాగితాలేమీ లేవు. ఎలాగైనా ఐరోపా చేరాలని కొట్టుకుంటున్నాడు. మామయ్య తన నావికుడి పుస్తకం వాడి చేతిలో పెట్టి, నా పేరుతో నువ్వు వెళ్ళు అన్నాడు. దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ దగ్గర చలి చంపేస్తుందని, అమ్మమ్మ అల్లిన స్వెట్టరు కూడా ఇచ్చేశాడు. రెండు రోజుల పరిచయం. పేరు అడగలేదు. పేరు మార్చుకుని పోయేవాణ్ణి అసలు పేరు అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నాడట.

గ్వెనోలే మళ్ళీ ఏ రేవులోనూ కనబడలేదు. మరుసటి ఏడు మార్చిలో, మామయ్య జ్ఞానతండ్రి ముసలి ఎర్వాన్ వచ్చి అమ్మమ్మ కిటికీ తట్టాడు.

ఆ ఏడాది డిసెంబరులో మామయ్య టపా పడవ దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఉత్తరం రాయడం బద్ధకించాడు. తను చచ్చిపోయినట్టు ఆయనకి తెలియదు. దారిలో బంగాళాదుంపల చేలో ఉన్న ఆడవాళ్ళు పారలు విసిరేసి కేకలు పెడుతూ పరిగెత్తుతుంటే, నన్ను చూసి ఇంత సంబరమా అనుకున్నాడట. ఆ తర్వాత జరిగింది నాకు మా అమ్మ చెప్పింది. ఒకసారి కాదు, వందసార్లు చెప్పింది.

మా అమ్మ ఆయన మెడకి చుట్టుకుని ఏడుస్తోంది. అమ్మమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. కొడుకుని పైనుంచి కిందదాకా ఒకసారి చూసింది.

“నీ స్వెట్టరేదిరా?” అంది.

“ఇచ్చేశానమ్మా.”

“ఎవరికి?”

మామయ్య జరిగిందంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆయనకే అర్థమై ఆగిపోయాడు.

“అయితే నేను ఏడ్చింది ఎవరికోసం?” అంది అమ్మమ్మ. “లోపలి బల్ల మీద పడుకోబెట్టి, నీళ్ళు చల్లి, తెల్లవార్లూ పక్కన కూర్చుని, గుడిదాకా మోసుకెళ్ళింది ఎవణ్ణి?”

“నాకు తెలీదమ్మా. పేరు అడగలేదు.”

“పుస్తకమిచ్చావు. స్వెట్టరిచ్చావు. ఒక్క మాట అడగడానికి నోరు రాలేదా?”

అమ్మమ్మ చేతిలో కత్తీ దుంపా పక్కన పెట్టేసింది. ఆ తర్వాత ఆమె కన్నకొడుకుతో పరాయివాడితో మాట్లాడినట్టు మాట్లాడిందట.

“చూడండి. గుల్వెన్ మాల్గోర్న్ అనే పిల్లాడు నా స్వెట్టరు తొడుక్కుని సముద్రంలో పోయాడు. వాడి సిలువ గుడిలో ఉంది. ఎక్కడో వాడి తల్లి వాడు బతికే ఉన్నాడనుకుంటోంది. వాడి పేరు తెచ్చివ్వండి, మీ పేరు పట్టుకెళ్ళండి. అందాకా మీరు ఈ గడపలోకి ఎప్పుడైనా రావచ్చు, నా చేతి కూడు తినొచ్చు. కానీ మిమ్మల్ని నా కొడుకని అనను.”

ఆ రోజు నుంచి అమ్మమ్మ ఆయన మొహం చూడలేదు. మాట్లాడితే ఆయన బూట్లతో మాట్లాడేది, లేకపోతే చేతులతో. మా ఇంటికి రెండు కొసలున్నాయి. ఒకటి పొయ్యి కొస, రెండోది మంచి కొస. పెళ్ళికీ పండక్కీ చావుకీ మంచి కొస వాడతాం. మామయ్యకి పొయ్యి కొసలోనే, గుమ్మం పక్కన ముక్కాలిపీట. అంతే.

అక్కడి నుంచి మొదలైంది పుస్తకాల్లో రాసే ఆయన ప్రయాణం. బ్రెస్టులో ఓడ పేర్లు రాస్తూ, మార్సేలో హోటల్ గోడలకి బొమ్మలేస్తూ, దొరికిన ఓడల్లా ఎక్కాడు. యుద్ధంలో బొగ్గు వేసే పని మీద సలోనికా దాకా వెళ్ళాడు. యుద్ధం తర్వాత పారిస్‌లో ఒక బొమ్మల వ్యాపారి ఆయన పటాలు చూసి వెర్రెత్తిపోయాడు. వాటిని గోడలకెక్కించాడు, పత్రికల్లో రాయించాడు. ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపుతానన్నాడు. మామయ్య ఎప్పుడూ రేవులే అడిగేవాడు. సముద్రం లేని ఊరు ఆయన ఒక్కటి కూడా వేయలేదు. సముద్రం మీద మోజు అని పత్రికలవాళ్ళు రాశారు. మోజూ లేదు, మట్టిగడ్డలూ లేవు. దిగిన ప్రతి ఊళ్ళోనూ మొదటి వారం కుంచె ముట్టేవాడు కాదు. కాగితం మీద ఆ మనిషిని బొగ్గుతో గీసి, సారా దుకాణాల్లో, వలలు కుట్టే చోట, బట్టలుతికే రేవుల్లో, గుళ్ళ ముందర చూపించేవాడు. “ఇతను ఎవరి కొడుకో తెలుసా?” అని ముప్ఫై భాషల్లో అడగడం నేర్చుకున్నాడు. తెలీదన్నాకే ఆ ఊరి బొమ్మ వేసేవాడు, అందులో ఒక వార ఆ మనిషిని నిలబెట్టేవాడు. ఆ పటం పారిస్‌లో వేలాడుతుంటే దేశదేశాలవాళ్ళు చూస్తారు, ఎవరో ఒకరు గుర్తుపడతారని ఆయన ఆశ.

రెండేళ్ళకోసారి, మూడేళ్ళకోసారి ఇంటికొచ్చేవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ రాకడ ఒక్కలాగే ఉండేది. గుమ్మంలో నీడ పడేది.

“పేరు దొరికిందా?” అనేది అమ్మమ్మ, తల తిప్పకుండా.

“లేదమ్మా.”

“అయితే కూర్చోండి. మాంసం ఉడికింది. పడవ మూడింటికి.”

మట్టిపెళ్ళల కింద పొద్దుటి నుంచి మగ్గిన గొర్రెమాంసం, దుంపలూ గిన్నె నిండా పెట్టేది. ఆయన మొహం గిన్నెలోకి దించుకుని తినేవాడు. మా అమ్మకి మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఒకసారి అమ్మమ్మ మీద విరుచుకుపడింది.

“అమ్మా, వాడు నీ కడుపున పుట్టినవాడే! బయట వానలో కుక్కొస్తే దాని మొహమైనా చూస్తావు కదే! నీ కళ్ళకేమొచ్చింది?”

“నా కళ్ళకేం, సూదిలో దారం ఎక్కిస్తాను. ఒక్కసారి వాడి మొహం చూశాననుకో, నా కొడుకు నాకు దొరికేస్తాడే పెరీన్. అప్పుడు ఆ పిల్లాడి కోసం ఎవరేడుస్తారు? వాడికి ఈ భూమ్మీద నేను తప్ప ఎవరున్నారు?” అంది అమ్మమ్మ.

మా ఇంట్లో ఆ పిల్లాడు ఉన్నాడన్నది మాత్రం నిజం. ఆత్మల పండగనాడు చచ్చిపోయిన మావాళ్ళకి బల్ల మీద అట్లూ పాలూ పెట్టినప్పుడు, తాత గిన్నె పక్కన వాడికీ ఒక గిన్నె పెట్టేది అమ్మమ్మ. వాడి గిన్నె పొయ్యికి దగ్గరగా జరిపేది, చలిలో పోయాడు కదా అని. నేను అలమరలా మూసుకునే నా మంచం తలుపు సందులోంచి ఆ గిన్నెనే చూస్తూ పడుకునేదాన్ని. నాకు తాతంటే భయం లేదు, ఆయన మావాడు. ఈ పేరు లేనివాడంటే వణుకు. అమ్మమ్మ వాడి పక్కకే వెళ్ళిపోతుందని, ఇక మాకు మిగలదని భయం.

మామయ్య చెప్పిన సంగతుల్లో ఒకటి నన్ను బాగా పట్టుకుంది. నేపుల్స్‌లో ఒక ముసలమ్మ ఆ బొమ్మ చూసి, ఆయన రెండు చేతులూ పట్టుకుని, “నువ్వే, నువ్వే,” అంటూ వదల్లేదట. “నేను కాదమ్మా, ఇదిగో ఇతను,” అని కాగితం చూపిస్తే కాగితాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసి మళ్ళీ “నువ్వే” అందట. మతి లేనిది పాపం అనుకుని వచ్చేశాడు. మార్సేలో పిల్లలు కూడా ఆ బొమ్మ చూసి ఆయన వంక వేలు పెట్టి నవ్వారట. అల్లరి వెధవలు అనుకున్నాడు.

నాకు పన్నెండేళ్ళొచ్చిన ఏడు, గాలి జోరుగా ఉన్న ఒక రోజు, మామయ్య వాకిట్లో రాతిగోడ చాటున కూర్చుని ఆ బొమ్మనే మళ్ళీ గీస్తున్నాడు. కాగితం ఎగిరిపోతోంటే, “సువాజిగ్, ఇటొచ్చి ఈ కొస పట్టుకోవే,” అన్నాడు. పట్టుకున్నాను. తలకిందులుగా కనబడుతున్న మొహాన్ని నిటారుగా తిప్పి చూశాను.

“మామయ్యా, ఎప్పుడూ నీ బొమ్మే ఎందుకు గీస్తావు?”

“నా బొమ్మేంటే పిచ్చిదానా! ఇది వాడు.”

“వాడేంటి! ముక్కు నీదే. ఈ కనుబొమ మీద గాటూ నీదే. నువ్వు కోపమొస్తే మూతి ఇలాగే పెడతావు కూడా.”

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. లేచి లోపలికి వెళ్ళాడు. మా నాన్న గడ్డం గీసుకునే అద్దం మేకుకి వేలాడుతుంటే, దాని పక్కన కాగితం ఆనించి పెట్టి చూసుకున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. చాలాసేపు చూశాడు. తర్వాత మా అమ్మ దగ్గరకొచ్చి, మొదటిసారి వాణ్ణి వెతకడానికి వెళ్ళేటప్పుడు గీసి ఇచ్చిన కాగితం ఉందా అని అడిగాడు. దుప్పట్ల పెట్టె అడుగున ఉంటే తీసిచ్చింది. పసుపెక్కిపోయిన కాగితం. అందులో కూడా ముక్కు ఆయనదే. మొదటి రోజు నుంచీ ఆయన తన మొహాన్నే ఊరూరా తిప్పి, ఇతను ఎవరి కొడుకో తెలుసా అని అడుగుతున్నాడు.

“పదిహేడేళ్ళు,” అన్నాడు. ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. మూడింటి పడవ ఆయన లేకుండానే వెళ్ళిపోయింది.

అయ్యో, ఎందుకన్నానా అని నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఇంట్లో కన్నతల్లి చూడని మొహాన్ని ఇంకెవరైనా చూస్తారేమోనని ఆ చెయ్యి దానంతటదే గీసుకుందేమో అనిపిస్తుంది. అప్పుడు అంత తెలివి లేదు. ఆయన పక్కన చతికిలబడి, “మొహం పోనీలే మామయ్యా, ఇంకేం గుర్తుంది నీకు?” అని సతాయించాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. “చీకటి గది. పైన ఎక్కడో చిన్న దీపం. మొహం సరిగ్గా కనపడితేగా! చేతులు మాత్రం దీపం వెలుతురులో ఉండేవి. నేనిచ్చిన స్వెట్టరు మోచేతి దగ్గర చిరిగి ఉంటే అప్పటికప్పుడు కూర్చుని వల అల్లే సూదితో కుట్టాడు. ముడి వేసే పద్ధతి వింతగా ఉండేది. దారం చిటికెనవేలికి చుట్టి, కొస పళ్ళ మధ్య పట్టుకుని, ఎడమవైపుకి లాగేవాడు.”

మా వెనకాల చప్పుడైంది. అమ్మమ్మ. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. గోడకున్న వల సూదీ దారపుండా తీసుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

“ఆ పిల్లాడు వేసినట్టు వేసి చూపించండి,” అంది.

మామయ్య సూది అందుకున్నాడు. మొదటి ముడి జారిపోయింది. రెండోది కూడా. అమ్మమ్మ ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆ వేళ్ళనే చూస్తోంది. ఎనిమిదో తొమ్మిదో ముడికి దారం గట్టిగా బిగిసింది. అమ్మమ్మ ఆ ముడిని గోటితో తడిమింది.

“ఇది మనవాళ్ళ ముడి కాదు. నేనెరిగిన ఎవరి ముడీ కాదు. దీన్ని మర్చిపోకండి,” అని లేచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండేళ్ళు ఆయన వేసినవన్నీ చేతులే. దారం పట్టుకున్న రెండు చేతులు. పారిస్ వ్యాపారి లబోదిబోమన్నాడు, ఆ స్వెట్టరు మనిషి ఏడీ, జనం వాడికోసమే వస్తున్నారు అని ఉత్తరాలు రాశాడు. మామయ్య వాటికి జవాబివ్వలేదు. దూరదేశాలు మానేసి, ఫ్రాన్సు నుంచి మొదలుపెట్టి దక్షిణంగా ఒక్కో రేవే దిగుతూ పోయాడు. చేతుల పటం చూపిస్తే అందరూ భలే ఉంది అన్నారు. ఎవరి చేతులో ఎవరూ చెప్పలేదు.

ఇరవై తొమ్మిదో సంవత్సరం వేసవిలో స్పెయిన్‌లో, గలీసియా తీరాన ముషీయా అనే చిన్న రేవులో దిగాడు. పటం విప్పే ఓపిక కూడా లేదప్పటికి. ఒడ్డున ఆడవాళ్ళు వలలు బాగుచేస్తుంటే వాళ్ళ పక్కన కూర్చుని, ఊరికే చెయ్యి ఆడక, ఒక సూది తీసుకుని చిరుగు దగ్గర ముడి వేయడం మొదలుపెట్టాడు. దారం చిటికెనవేలికి చుట్టి, కొస పళ్ళ మధ్య పట్టి, ఎడమవైపుకి లాగి. పక్కనున్న ముసలావిడ చూసి చూసి చెయ్యి మీద చటుక్కున కొట్టింది.

“అదేం ముడయ్యా! ఉంగరం వేలు లేనివాళ్ళు అలా వేస్తారు గానీ, నీకేం, వేళ్ళన్నీ ఉన్నాయిగా! ఎవడు నేర్పాడు నీకు?”

మామయ్య తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఉంగరం వేలు. అవును, వాడికి అది సగమే ఉండేది. ఆ ముక్క ఇన్నేళ్ళూ ఆయనకి గుర్తు రాలేదు. అందుకే అలా చుట్టేవాడు.

“మా అబ్బాయి అమారో ఒక్కడే ఇలా వేసేవాడు. పదేళ్ళప్పుడు కప్పీలో పడి వేలు తెగిపోయింది వాడికి. దొంగ వెధవ, అమెరికా వెళ్ళి ఇరవై ఏళ్ళైంది, ఒక్క ముక్క రాయలేదు. అక్కడ ఎవత్తినో కట్టుకుని నన్ను మర్చిపోయుంటాడు,” అంది ఆవిడ. దొసిందా ఆవిడ పేరు.

మామయ్య వల అంచు పట్టుకుని ఆ ముడులన్నీ పూర్తి చేశాడు. సాయంత్రం ఆవిడ ఇల్లు కనుక్కుని వెళ్ళి, తలుపు కొట్టకుండా కిటికీ మీద మూడుసార్లు తట్టాడు. “ఈ రాత్రి నీ ఇంట్లో ప్రోయెల్లా ఉంది తల్లీ,” అని మా భాషలోనే అన్నాడు. ఆవిడకి మాట తెలియదు. అయినా బెంచీ మీద కూర్చుండిపోయి, తలగుడ్డ విప్పేసింది.

ఓడల మీద నేర్చిన స్పానిష్‌లో అంతా చెప్పాడు. ఎంతసేపటికీ ఆవిడ ఒకే ఒక్క మాట మళ్ళీ మళ్ళీ అడిగిందట.

“అయితే వాడు ఇంటికే వస్తున్నాడా?”

“అవునమ్మా. మీ దగ్గరికే వస్తున్నాడు. నా పేరు పెట్టుకునైనా రావాలని బయలుదేరాడు.”

“నేను ఇరవై ఏళ్ళ నుంచి తిట్టిపోస్తున్నాను వాణ్ణి. రోజూ తిట్టాను,” అంది దొసిందా.

తన కొడుకు కోసం పరాయి ఊళ్ళో ఒక ఆడమనిషి పందొమ్మిదేళ్ళుగా ఏడుస్తోందని చెబితే, ఆవిడ పేరేంటని అడిగింది. బార్బా అని చెప్పాడు. దొసిందా లేచి పెట్టె తీసి, అమారో జ్ఞానస్నానం నాడు వెలిగించిన కొవ్వొత్తి, సగం కాలిన ముక్క, గుడ్డలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. “బార్బాకి ఇవ్వు,” అంది.

ఆయన ఇల్లు చేరింది అక్టోబరులో. నాకు పద్నాలుగేళ్ళు, అన్నీ కళ్ళతో చూశాను. గుమ్మంలో నీడ పడింది. అమ్మమ్మ దుంపలు చెక్కుతోంది.

“పేరు దొరికిందా?”

“దొరికిందమ్మా.”

అమ్మమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది.

“అమారో. తల్లి పేరు దొసిందా. ఊరు ముషీయా.”

“ఆమ్రో,” అంది అమ్మమ్మ.

“అమారో.”

“అమారో,” అంది. మళ్ళీ అంది. చేతులు తుడుచుకుని లేచి, ఆ పేరునే లోపల్లోపల అనుకుంటూ ఇల్లంతా తిరిగింది. మామయ్య కొవ్వొత్తి ముక్క అందించాడు. అది ఎక్కడిదో చెప్పాడు. అమ్మమ్మ దాన్ని పొయ్యి దగ్గర అరచేతుల మధ్య మెత్తబరచి, తనే సిలువ చేసింది. ఆ రాత్రి ఊరంతా వచ్చింది. పందొమ్మిదేళ్ళ కిందట గుల్వెన్ పేరు మీద కూర్చున్నవాళ్ళలో బతికున్న ప్రతి ఒక్కరూ వచ్చి, అమారో అనే పిల్లాడికి మళ్ళీ కాపలా కూర్చున్నారు.

పొద్దున గుడిలో చిన్న పేచీ వచ్చింది. పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదన్నారు ఫాదర్ గారు.

“బతికున్నవాడి పేరు చచ్చినవాళ్ళలో ఉండొచ్చా మరి?” అంది అమ్మమ్మ. “కలం ఇటివ్వండి ఫాదర్, మీకు మొహమాటమైతే నేనే కొట్టేస్తాను. నాకు రాయడం రాదు, గీత గీయడం వచ్చు.”

ఫాదర్ గారే కొట్టేశారు. పక్కన ‘అమారో, దొసిందా కొడుకు’ అని రాసి, సిలువని పెట్టెలో ఉంచారు. అమ్మమ్మ పెట్టె మూత మీద చెయ్యేసింది. “వెళ్ళొస్తాను నాన్నా. ఇక మీ అమ్మ ఏడుస్తుందిలే,” అంది. నేను అంతవరకూ భయపడినవాడి కోసం ఆ రోజు మొట్టమొదటిసారి నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాం. మామయ్య అలవాటు కొద్దీ గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబోయాడు. అమ్మమ్మ మంచి కొస తలుపు బార్లా తీసింది. లోపల బల్ల మీద రాత్రి పరిచిన తెల్లగుడ్డ అలాగే ఉంది. దాన్ని దులిపి మడత పెట్టేసి, ఒక గిన్నె, ఒక చెంచా పెట్టింది.

“ఇటు రా,” అంది.

మామయ్య వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు. నలభై మూడేళ్ళ మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్వెట్టరు అంచు నలుపుతున్నాడు. అమ్మమ్మ తలెత్తింది. బూట్ల వంక కాదు, చేతుల వంక కాదు, సూటిగా మొహంలోకే చూసింది. కళ్ళకింద ముడతలు చూసింది, కనుబొమ మీద గాటు చూసింది. మునివేళ్ళ మీద లేచి ఆయన చెవి పక్క జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది. ఆమె మొహంలో భయం కనబడింది నాకు, ఇల్లు మారి ఎవరింట్లోకో వచ్చేసిన మనిషి భయం.

“జుట్టంతా ఎప్పుడు నెరిసిపోయిందిరా గుల్వెన్?” అంది.

“ఏమో అమ్మా,” అన్నాడు మామయ్య. “నేనూ చూసుకోలేదు.”